ఎన్4తో జపాన్‌లో కైగొ ఉద్యోగం: భాష సంగతి, రోజువారీ సంగతి

అడిగిన ప్రశ్న ఇది: "జీఎన్ఎం చేశాను, గుంటూరులో ఆస్పత్రి అనుభవం ఉంది. జేఎల్‌పీటీ (జపనీస్ భాష పరీక్ష) ఎన్4, కైగొ (వృద్ధుల సంరక్షణ పని) పరీక్షలు రెండూ పాసయ్యాను. ఈశాన్య జపాన్‌లోని మియాగిలో ఒక తొకుయోలో, అంటే వృద్ధుల సంరక్షణ హోమ్‌లో, ఉద్యోగం ఖాయమైంది. నా జపనీస్ సరిపోతుందా? అక్కడ రోజులు ఎలా గడుస్తాయి? డ్యూటీ చేస్తూ దాని పై మెట్టు ఎన్3 చదవడం అయ్యే పనేనా?"

ముందు సూటిగా జవాబు. వీసాకి ఎన్4 సరిపోతుంది, పనికి సరిపోదు. ఇది మీ లోపం కాదు. తొకుతే గినో వీసా, అంటే నైపుణ్యం ఉన్న విదేశీ పనివాళ్ళకిచ్చే వీసా, 2019లో మొదలైనప్పటి నుంచీ రూలే అలా ఉంది: ప్రాథమిక భాషతో రండి, మిగతాది పనిలో నేర్చుకోండి అని. నేను కూడా 2022లో ఇదే వీసా మీద మియాగికి వచ్చాను. ఇప్పుడు కైగొ ఫుకుషిషి, అంటే జాతీయ పరీక్ష పాసైన సంరక్షకుల లైసెన్స్ మీద పనిచేస్తున్నాను, కొత్తగా వచ్చే మనవాళ్ళకి పని నేర్పే బాధ్యత కూడా నాదే. వాళ్ళందరికీ మొదటి రోజు చెప్పే మాటే మీకూ చెప్తున్నాను. అర్థం కానప్పుడు "హై" (అవును) అనొద్దు.

మాటల మధ్యలో జపాన్ వాళ్ళు అనే "హై"కి చాలాసార్లు "వింటున్నాను" అనే అర్థం. మనం ఫోన్లో "ఆఁ... ఆఁ..." అంటూ ఉంటామే, అలాంటిదే. వాళ్ళలో వాళ్ళకి ఇబ్బంది లేదు. కానీ కొత్తగా వచ్చిన విదేశీ అమ్మాయి "హై" అంటే సీనియర్ దాన్ని "అర్థమైంది" అనే తీసుకుంటుంది, తన పనికి తను వెళ్ళిపోతుంది. మనకేమో పెద్దవాళ్ళు చెబుతుంటే మధ్యలో అడగకూడదు అన్న పెంపకం. మళ్ళీ అడిగితే భాష రాదనుకుంటారేమో అని భయం. రెండూ కలిసి నోట్లోంచి "హై" వచ్చేస్తుంది. ఆఫీసు ఉద్యోగంలో అయితే ఒక మెయిల్ తప్పుపోతుంది, అంతే. మన పనిలో అవతల ఉన్నది తొంభై ఏళ్ళ మనిషి.

ఒక ఉదాహరణ దగ్గరగా చూపిస్తాను. పొద్దున డ్యూటీ ఎక్కగానే మోషిఒకురి ఉంటుంది, మన ఆస్పత్రుల్లో హ్యాండోవర్ అంటామే, అదే. రాత్రంతా మేలుకున్న మనిషి ఇంటికి వెళ్ళే తొందరలో గబగబా చదివేస్తుంది. పూర్తి వాక్యాలు ఉండవు. "సన్‌మరుఇచి, హత్సునెత్సు, న్యూయొకు మిఅవసె" అని వినిపిస్తుంది. 301 గది ఆవిడకి జ్వరం వచ్చింది, ఇవాళ స్నానం ఆపండి అని దాని భావం. ఎన్4 పుస్తకంలో జ్వరం అంటే "నెత్సు", స్నానం అంటే "ఒఫురొ". "హత్సునెత్సు", "న్యూయొకు" కైగొ పరీక్షకి చదివారు కాబట్టి పట్టుకుంటారు. "మిఅవసె" మాత్రం ఎక్కడా విని ఉండరు. విన్న రెండు ముక్కల్ని కలుపుకొని "301 ఆవిడకి స్నానం" అని రాసుకుంటే, జ్వరంతో ఉన్న మనిషిని స్నానాల గదికి తీసుకెళ్తారు.

అప్పుడు చేయాల్సింది చిన్న పని. మీకు వచ్చిన మాటల్లోనే తిరిగి చెప్పి అడగండి: "సన్‌మరుఇచి, ఒఫురొ నషి దెస్ నె?" అంటే "301, స్నానం లేదు కదా?" అని. భాష సొగసుగా లేకపోయినా పర్వాలేదు. విన్నది తిరిగి చెప్పి ఖాయం చేసుకోవడాన్ని ఇక్కడ "ఫుకుషో" అంటారు, జపాన్ ఉద్యోగులకీ నేర్పే అలవాటే అది. కాబట్టి అలా అడిగితే మిమ్మల్ని తక్కువ చూడరు, జాగ్రత్త ఉన్న మనిషి అనుకుంటారు. అసలు ఏమీ అందకపోతే "సుమిమసెన్, మో ఇచిదొ ఒనెగయిషిమస్" అనండి. పని ఒత్తిడిలో ఎవరో ఒకరు నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పుని పట్టించుకోకుండా అడుగుతూనే ఉండండి. జేబులో చిన్న నోట్‌బుక్కు, పెన్ను పెట్టుకోండి. డ్యూటీలో సొంత ఫోన్ చాలా హోమ్‌లు ఒప్పుకోవు. చెప్పింది రాసుకునే మనిషికి చెప్పడానికి సీనియర్లకీ ఓపిక వస్తుంది, ఇది నేను చాలాసార్లు చూశాను.

ఆ నోట్‌బుక్కు విషయంలో ఒక సలహా. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోవడం మానేయండి. కనా, అంటే జపనీస్ శబ్దాల అక్షరాలు, రాసేంత వేగం వచ్చేవరకు తెలుగు లిపిలో రాసుకోండి. జపనీస్‌లో హ్రస్వం, దీర్ఘం, ఒత్తు మారితే అర్థం మారుతుంది. "ఒబసన్" అంటే ఆంటీ, "ఒబాసన్" అంటే బామ్మ. "కితె" అంటే రా, "కిత్తె" అంటే తపాలా బిళ్ళ. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుంటే ఈ తేడాలు చేయి జారిపోతాయి, మన లిపిలో ఉన్నదున్నట్టు కూర్చుంటాయి. ఎ-ఏ, ఒ-ఓ తేడా కూడా మనకి ఉంది, హిందీ వాళ్ళకి లేదు. చాలామంది విదేశీయులకి నోరు తిరగని "త్సు" శబ్దం మనం "చలి", "చుట్టం" అన్నప్పుడు రోజూ పలికేదే.

వ్యాకరణం గురించి కూడా భయపడకండి. ఇంగ్లిష్ ద్వారా నేర్పే క్లాసుల వల్ల మనవాళ్ళు లేని కష్టం పడతారు. తెలుగు నుంచి నేరుగా వెళ్తే దారి దగ్గర. "రాత్రి వచ్చిన జ్వరం" అన్నది "యొరు దెత నెత్సు", మాటల వరస అదే. "తిని పడుకున్నారు" అని మనం రెండు పనుల్ని ఎలా కలుపుతామో వాళ్ళ "తె" రూపం అలాగే కలుపుతుంది. "నొప్పిగా ఉంది అని చెప్పారు"లో మన "అని" ఉన్న చోటే వాళ్ళ "తొ" ఉంటుంది. క్రియ చివరికే వస్తుంది. నోట్‌బుక్కులో జపనీస్ వాక్యం కింద ఇంగ్లిష్ అనువాదం కాకుండా తెలుగు రాసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

మాట్లాడటం ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, కొఎకకె దగ్గర. పెద్దవాళ్ళని ముట్టుకునే ముందు, కదిలించే ముందు, ప్రతి పనికీ ముందుగా చెప్పడం కైగొలో మూల పాఠం. లేపే ముందు "తచిమస్ యొ", పక్కకి తిప్పే ముందు "మిగి ఒ ముకిమస్ నె", అన్నం పెట్టే ముందు ఇవాళ కూర ఏమిటో చెప్పడం. చెప్పకుండా దుప్పటి లాగితే చూపు సరిగా లేని మనిషి ఉలిక్కిపడుతుంది, ఒళ్ళు బిగపడుతుంది, ఇద్దరికీ దెబ్బ తగలొచ్చు. కాబట్టి ఈ వాక్యాలు పనిలో భాగం. పైగా రోజూ అవే వాక్యాలు, అదే సమయానికి, చేతి పనితోపాటే వస్తాయి. అందుకే నోటికి త్వరగా ఎక్కుతాయి. మొదటి నెలల్లో టీ టైములో కబుర్లు చెప్పలేకపోతున్నానే అని దిగులు పడొద్దు. కొఎకకె తడబడకుండా వస్తే చాలు, మిగతాది దాని వెనకే వస్తుంది.

పిలుపు గురించి తప్పక తెలుసుకోవాలి. మన దగ్గర ఆస్పత్రిలో పెద్దావిడని "అమ్మమ్మా", "బామ్మా" అని పిలిస్తే ఆప్యాయత. ఇక్కడ హోమ్‌లో "ఒబాసన్" అని పిలవకూడదు. ఇంటిపేరుకి మన "గారు" లాంటి "సన్" చేర్చి పిలవాలి. ఆ మనిషి ఒకప్పుడు టీచరో, రైతో, దుకాణం నడిపిన మనిషో. అందరినీ కలిపి బామ్మ అనేస్తే ఆ మనిషి గుర్తింపు తీసేసినట్టు అవుతుంది. నాకు ఈ పద్ధతి నచ్చింది. ఆప్యాయత చూపించడానికి గొంతు, కళ్ళు, చేయి ఉన్నాయి.

ఫోన్ విషయంలో మన మర్యాద తిరగబడుతుంది. బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మన హోమ్ మేనేజర్ పేరుకి "సన్" పెట్టకూడదు. "మా మేడమ్ గారు లేరండీ" అనడం మనకి సహజం, ఇక్కడ బయటి మనిషి ముందు మనవాళ్ళని తగ్గించే చెప్పాలి. ఇది ఒంటబట్టడానికి టైం పడుతుంది. అందాకా ఫోన్ మోగితే "షోషో ఒమచి కుదసయ్" అని పక్కవాళ్ళకి అందించండి. ఎవరూ తప్పు పట్టరు.

ఇప్పుడు మియాగి సంగతి. క్లాసులో నేర్పేది టోక్యో జపనీస్. హోమ్‌లో పెద్దవాళ్ళు మాట్లాడేది తోహొకు, అంటే ఈశాన్య జపాన్ యాస. అవునన్నదానికి "న్‌ద" అంటారు. వాక్యం చివర "బె" తగిలిస్తారు. అంతవరకు సరదాగానే ఉంటుంది. జాగ్రత్తగా ఉండాల్సిన మాటలు రెండు. ఒకటి "కొవయ్". మీరు చదివిన పుస్తకంలో దానికి "భయంగా ఉంది" అని ఉంటుంది. ఇక్కడ పెద్దవాళ్ళు "కొవయ్" అంటే చాలాసార్లు "ఒళ్ళు అలసిపోయింది, నీరసంగా ఉంది" అని. "భయపడకండి, నేనున్నాను" అని చేయి పట్టుకుంటే సరిపోదు, కూర్చోబెట్టి బీపీ, ఆక్సిజన్ చూడాలి. రెండోది "ఇజుయ్". కంట్లో నలక పడినా, బట్ట నడుము కింద మడతపడినా, డైపర్ సరిగా కూర్చోకపోయినా, ఎక్కడో ఏదో కుదురుగా లేదు అన్న ఇబ్బందిని ఆ ఒక్క మాటతో చెప్తారు. ఆ మాట వినగానే బట్టలు, దుప్పటి, పడుకున్న తీరు సర్ది చూడండి. ఏ పరీక్షలోనూ రాని ఈ మాటలు తెలిసిన అమ్మాయిని పెద్దవాళ్ళు వెతుక్కుంటారు.

నొప్పి చెప్పే మాటలు కూడా ఇలాంటివే, అయితే ఇక్కడ తెలుగువాళ్ళకి మేలు ఉంది. జుకిజుకి అంటే సలుపుతున్నట్టు, చికుచికు అంటే సూదులతో పొడిచినట్టు, షికుషికు అంటే కడుపులో సన్నగా, విడవకుండా, గన్‌గన్ అంటే తల పగిలిపోతున్నట్టు. డాక్టర్లు కూడా ఈ మాటలతోనే అడుగుతారు. గబగబా, చిటపట, సలసల అంటూ పెరిగినవాళ్ళం, చెవికి కొత్తగా అనిపించవు. ఇవి మీ ఒంటికి జబ్బు చేసినప్పుడూ కావాలి. ఉద్యోగంలో ఆరోగ్య బీమా తప్పనిసరి, ఆస్పత్రి బిల్లులో మీ వాటా 30 శాతం. కాబట్టి జ్వరాన్ని మన మాత్రలతో నెట్టుకురాకుండా వెళ్ళి చూపించుకోండి.

రాత పని అందరినీ భయపెడుతుంది, నిజానికి మాటకన్నా సులువు. రికార్డులు చాలాచోట్ల టాబ్లెట్‌లోనే. వాడే మాటలు మళ్ళీ మళ్ళీ అవే: "జెన్‌ర్యో" అంటే పెట్టిందంతా తిన్నారు, "తొకుహెన్ నషి" అంటే విశేషమైన మార్పేమీ లేదు. సీనియర్లు రాసిన పాత రికార్డుల్లో అలాంటి వాక్యాలు చూసి నోట్‌బుక్కులో ఎక్కించుకోండి. పేషెంట్ పేర్లు మాత్రం రాసుకోవద్దు, నోట్‌బుక్కు ఇంటికి వెళ్తుంది కదా. కష్టమైన రాత ఒక్కటే, "హియరి హత్తొ". ప్రమాదం జరగలేదు కానీ జరగబోయింది అన్న సందర్భాన్ని రాసి ఇచ్చే కాగితం. మనవాళ్ళు దీన్ని మెమో ఇచ్చినట్టు అనుకొని దాస్తారు. అది శిక్ష కాదు. వీల్‌చెయిర్ బ్రేక్ వేయడం మరిచిపోతే ఎందుకు మరిచిపోయారు, అక్కడ ఏం మారిస్తే మళ్ళీ జరగదు అని అందరూ కూర్చొని మాట్లాడుకోవడానికి. రాయడం రాకపోతే నోటితో చెప్పి, పక్కన కూర్చోబెట్టుకొని రాయించమని అడగండి. దాచడం మాత్రం వద్దు.

ఇక ఇంటి సంగతులు. దిగాక, ఇల్లు కుదిరిన 14 రోజుల్లోపు మునిసిపల్ ఆఫీసులో, అంటే షియకుషొలో, అడ్రస్ నమోదు చేయాలి. జయిర్యూ కార్డు, అంటే విదేశీయుల నివాస కార్డు, ఎప్పుడూ దగ్గరే ఉండాలి. ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకెళ్ళడం, ఇల్లు, బ్యాంకు, ఫోను, ఈ ఆఫీసు పనులు చూడటం మీ యజమాని బాధ్యత, లేదా వాళ్ళు పెట్టుకున్న సపోర్ట్ సంస్థ బాధ్యత. ఆ ఖర్చు మీ దగ్గర వసూలు చేయడానికి వీల్లేదు. కౌంటర్‌లో వేగంగా మాట్లాడితే "యసషీ నిహొంగొ దె ఒనెగయిషిమస్" అనండి, సులువైన జపనీస్‌లో చెప్పండి అని. 1995 కొబె భూకంపంలో విదేశీయులకి సమాచారం అందక ఇబ్బందిపడ్డారని, ఆ తర్వాత మొదలైన పద్ధతి ఇది. ఆఫీసుల్లో చాలామందికి తెలుసు, వెంటనే నెమ్మదిస్తారు. చెత్తకి ఏ రోజు ఏది, ఏ సంచిలో అన్నది ఊరినిబట్టి మారుతుంది. షియకుషొలో ఇచ్చే బొమ్మల కాగితం ఫ్రిజ్ మీద అంటించండి, అంతకుమించి అందులో ఏమీ లేదు.

గొడవలు వచ్చేది మాత్రం ఫోన్ దగ్గర. ఇక్కడ టైం మనకన్నా మూడున్నర గంటలు ముందు. సాయంత్రం డ్యూటీ దిగి రాత్రి పదికి గదికి చేరితే ఇంటి దగ్గర ఆరున్నర, అమ్మ మాట్లాడటానికి తీరికగా ఉంటుంది. స్పీకర్ పెట్టి వంట చేస్తూ మాట్లాడతాం. గోడలు పలచన. పక్కింటివాళ్ళు మీతో ఒక్క మాట అనరు, అపార్ట్‌మెంట్ నడిపే కంపెనీకి చెప్తారు, అక్కడి నుంచి మీ హోమ్‌కి వస్తుంది. ఇయర్‌ఫోన్స్ వాడండి, గొంతు తగ్గించండి.

తిండికి కంగారు అక్కర్లేదు. కందిపప్పు, చింతపండు, మసాలాలు, పొడుగు బియ్యం ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ప్యాకింగ్‌లో ఒక్క జాగ్రత్త: చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి తేవొద్దు. మాంసంతో చేసినవి ఏవైనా ఎయిర్‌పోర్ట్‌లో క్వారంటైన్ వాళ్ళు ఒప్పుకోరు. పచ్చి కరివేపాకు కూడా పెట్టొద్దు, మొక్కలకీ తనిఖీ ఉంది. శాకాహారులైతే ఒకటి గుర్తుంచుకోండి. కూరగాయల వంటకంలో కూడా "దషి" ఉంటుంది, చాలావరకు చేప నుంచి తీసిన రసం.

జీతం కాగితంలో ముందు "తెదొరి" చూడండి, చేతికి వచ్చేది అదే. బీమా, పెన్షన్, ఆదాయ పన్ను కోతలు మొదటి నుంచీ ఉంటాయి. జూమిన్‌జే అన్న స్థానిక పన్ను మాత్రం మొదటి ఏడాది పడదు. కిందటి ఏడాది సంపాదన మీద లెక్కగట్టి, తర్వాతి ఏడాది జూన్ నుంచి కోస్తారు. జూన్‌లో జీతం తగ్గిందేమిటని మనవాళ్ళు ఏటా కంగారు పడుతుంటారు. ఊర్లో అప్పు వాయిదాలు పెట్టుకునేటప్పుడే ఇది లెక్కలో వేసుకోండి. శాశ్వతంగా తిరిగి వెళ్ళిపోతే కట్టిన పెన్షన్‌లో కొంత వెనక్కి అడగొచ్చు, దేశం వదిలిన 2 ఏళ్ళలోపు దరఖాస్తు చేయాలి.

భూకంపాల గురించి ఇంట్లో భయపడుతుంటారు. మియాగి 2011 మార్చి 11 భూకంపాన్ని, సునామీని చూసిన ప్రాంతం, అందుకే ఇక్కడ హోమ్‌లు డ్రిల్స్‌ని తేలిగ్గా తీసుకోవు. భూకంప హెచ్చరికతో ఫోన్ ఒక్కసారిగా మోగితే ముందు తల కాపాడుకోండి. టీవీలో "నిగెతె" అని వినబడితే పారిపోండి అని అర్థం, "హినన్" అన్నా అదే పని. సముద్రం దగ్గరైతే ఎత్తు మీదకి వెళ్ళే దారి మొదటి సెలవు రోజే నడిచి చూసుకోండి.

చివరగా ఎన్3. అవుతుంది, కానీ డ్యూటీ నుంచి వచ్చి రాత్రి రెండు గంటలు చదువుతాను అన్న ప్లాన్ వద్దు. నైట్ షిఫ్ట్ ఉన్న ఉద్యోగంలో అది నిలబడదు, నిద్ర కరువవుతుంది, నిద్ర లేకపోతే పనిలో తప్పు జరుగుతుంది. డ్యూటీకి వెళ్ళే ముందు అరగంట నోట్‌బుక్కు తిరగేయండి, అందులోని మాటలకి కంజి, అంటే చైనా నుంచి వచ్చిన లిపి గుర్తులు, చూసుకోండి. సెలవు రోజున ఒక పూట వ్యాకరణం. జపాన్ ఫౌండేషన్ వాళ్ళు ఉచితంగా పెట్టిన "ఇరొదొరి" పాఠాలు బతుకులో పనికొచ్చేలా ఉంటాయి, ఆడియో కూడా ఉంది. చాలా ఊర్లలో వలంటీర్లు నడిపే జపనీస్ క్లాసులు ఉంటాయి, ఉచితంగానో కొద్ది ఫీజుకో. షియకుషొలో అడిగితే చెప్తారు. తప్పక వెళ్ళండి, హోమ్ బయట మీ పేరు తెలిసిన మనుషులు దొరికేది అక్కడే. రూమ్మేట్ తెలుగమ్మాయి అయితే ఎంతో ధైర్యం, కానీ హోమ్‌లో ఇద్దరూ ఒకే షిఫ్ట్ కోసం పట్టుబట్టకండి. పక్కన తెలుగు వినపడుతుంటే జపనీస్ నోరు తెరుచుకోదు.

జేఎల్‌పీటీ జూలైలో, డిసెంబరులో ఉంటుంది. వచ్చిన వెంటనే పడే పరీక్ష రాయకండి, ఆ తర్వాతది రాయండి. అందులో మాట్లాడే పరీక్ష లేదు కాబట్టి ఎన్3 వచ్చినా రాకున్నా మీ కొఎకకె స్థాయి వేరే. అసలు గురి పెట్టాల్సింది కైగొ ఫుకుషిషి మీద. మూడేళ్ళ పని అనుభవం, దానితోపాటు నిర్ణీత శిక్షణ పూర్తయితే జనవరిలో జరిగే జాతీయ పరీక్షకి కూర్చోవచ్చు. మీరు వచ్చే వీసాకి 5 ఏళ్ళ గడువు ఉంది, దాని మీద భర్తనీ పిల్లల్నీ తెచ్చుకోలేరు. ఫుకుషిషి పాసై కైగొ వీసాకి మారితే ఆ గడువు ఉండదు, కుటుంబాన్ని తెచ్చుకోవచ్చు. ఆ పరీక్ష జపనీస్‌లోనే, అందుకే మొదటి ఏడాది నుంచే రికార్డుల కంజి మీద పని చేయమంటున్నాను.

వీసా స్టాంపు పడేలోపు ఒక పని చేయండి. మీ ఏజెన్సీ ద్వారా ఆ హోమ్‌ని రెండు కాగితాలు అడగండి. ఒకటి "ఇచినిచి నొ నగరె", అంటే పొద్దుటి నుంచి రాత్రి వరకు ఏ గంటకి ఏ పని అన్న షీటు. రెండోది వాళ్ళు రికార్డుల్లో వాడే మాటల పట్టిక, వీలైతే ఫురిగనతో, అంటే కంజి మీద ఉచ్చారణ రాసి. అడిగితే చాలా హోమ్‌లు పంపుతాయి. ఆ రెండిటినీ తెలుగు అర్థాలతో నోట్‌బుక్కులోకి ఎక్కించుకొని రండి.